నాణెం మీద తేడా కనిపిస్తోందా? అది అచ్చులో తప్పా, తర్వాత తగిలిన దెబ్బా?

చిల్లరలో ఒక వింత నాణెం కనబడగానే ఎర్రర్ కాయిన్ దొరికిందని సంబరపడతాం. చాలాసార్లు అది టంకశాల దాటాక ఎక్కడో తిన్న దెబ్బే. పది రెట్లు పెద్దది చేసి చూపే భూతద్దం, 0.01 గ్రాము తేడా చూపే త్రాసు, ఒరగా పెట్టగలిగే లైటు ఉంటే చాలావరకు ఇంట్లోనే తేల్చుకోవచ్చు. మెరుగు పెడదామని మాత్రం రుద్దకండి. ఆధారం అక్కడే పోతుంది.

సన్నటి గీత ఉంది

లైటు పక్కనుంచి వేసి, గీత పైకి లేచిందో లోపలికి దిగిందో చూడండి. నాణెం మీద బొమ్మ పడేలా కొట్టే ఉక్కు అచ్చును డై అంటారు. డైలో లోతు ఉన్నచోటే నాణెం మీద లోహం పైకి లేస్తుంది. కొన్ని లక్షల దెబ్బలు కొట్టాక ఉక్కు డై కూడా బీటలు వారుతుంది. ఆ బీటలోకి లోహం చొరబడితే నాణెం మీద ఉబ్బెత్తు గీతగా తేలుతుంది. గీత లోపలికి దిగి, అక్షరాలను కోసుకుంటూ పోయిందంటే సాధారణంగా ఎవరో గీసినదే.

డై అంచున ముక్కే ఊడిపోతే అక్కడ బొమ్మా అక్షరాలూ లేని ముద్ద తేలుతుంది. దీన్ని కడ్ అంటారు. నాణెం తిప్పి అదే చోట చూడండి. అసలు కడ్ అయితే అవతలి వైపు అచ్చు కూడా బలహీనంగా పడి ఉంటుంది.

అంకెలు రెండుగా కనిపిస్తున్నాయి

అందరం ఎక్కువగా మోసపోయేది ఇక్కడే. నేనూ ఒక నాణేన్ని కవర్లో పెట్టి రెండు వారాలు మురిసిపోయాను, భూతద్దం కింద సరిగ్గా చూసేదాకా.

డైని హబ్ అనే మాతృ అచ్చుతో నొక్కి తయారు చేస్తారు. రెండోసారి నొక్కినప్పుడు అది కాస్త పక్కకు తిరిగితే ఆ డైలోనే రెండు బొమ్మలు పడతాయి. దాంతో కొట్టిన ప్రతి నాణెం మీదా అదే జంట కనిపిస్తుంది. 1955 నాటి అమెరికా ఒక సెంటు దీనికి పేరుమోసింది. ఇలాంటి వాటిలో రెండో అంకె కూడా గుండ్రంగా, నిండుగా ఉంటుంది. అక్షరం కొసల్లో చిన్న చీలిక కనబడుతుంది.

నా నాణెం మీద రెండో అంకె చదునుగా, మెట్టులా ఉంది. అసలు అంకె కూడా సన్నబడింది. అంటే దెబ్బ పడే క్షణంలో వదులుగా ఉన్న డై కదిలి, అప్పుడే లేచిన లోహాన్ని పక్కకు నెట్టింది. దీనికి పెద్దగా విలువ ఉండదు. ఇక అక్షరాలు ఉబ్బి మసకబారి, చుట్టూ లోహం అంచువైపు పారినట్టు గీతలుంటే డై అరిగిపోయిందని అర్థం.

కొంత భాగం లేదు

అక్షరం మాయమైనా చుట్టూ ఉపరితలం మామూలుగానే ఉంటే డై గుంటలో గ్రీజు నిండి ఉంటుంది. ఆకురాయి గీతలు కనిపిస్తే ఎవరో చెరిపారు.

అంచు నెలవంకలా కోసినట్టు ఉంటే సరిగ్గా దాని ఎదుటి అంచు చూడండి. లోహపు రేకులోంచి బిళ్ళ (ఇంకా బొమ్మ కొట్టని నాణెం) కత్తిరించేటప్పుడు ముందు పడ్డ రంధ్రం మీదికి వెళ్లిన బిళ్ళకు ఆ ఎదుటి అంచు కూడా తరచుగా పలచబడి ఉంటుంది. టంకశాల దాటాక ఎవరో కత్తిరించిన నాణేనికి అది నిండుగానే ఉంటుంది.

బొమ్మ, బొరుసు రెండూ ఒకే దిక్కుకు జరిగితే బిళ్ళ సరిగా కూర్చోలేదు. ఒక్క వైపే జరిగితే డై తప్పుగా బిగించారు.

రంగో బరువో తేడా

మొదట తూచండి. రంగు మారి, బరువు తగ్గి, అంచులు కరిగినట్టుంటే యాసిడ్ పని అయ్యుండొచ్చు. బొమ్మ స్పష్టంగా ఉండి, బరువు మరో నాణేనికి సరిపోతే అప్పుడు వేరే బిళ్ళ మీద కొట్టారేమోనని ఆలోచించవచ్చు.

అక్షరాలు తిరగబడి లోపలికి దిగాయి

ముందు కొట్టిన నాణెం డైకి అంటుకుపోతే, తర్వాతి బిళ్ళ మీద అదే అచ్చుగా పనిచేస్తుంది. అప్పుడు రెండో వైపున్న బొమ్మే ఇటు అద్దంలోలా తిరగబడి, గుంటగా పడుతుంది. ఆ ముద్ర కింద ఈ వైపు ఉండాల్సిన బొమ్మ నలిగిపోయి ఇంకా కనిపిస్తుంటే మాత్రం, ఎవరో రెండు నాణేలను కలిపి వైస్‌లో (వర్క్‌షాపు బిగింపు పనిముట్టులో) బిగించారు.

ఇంతా చూశాక కూడా అనుమానం తీరకపోతే, అదే సంవత్సరం మామూలు నాణేన్ని పక్కన పెట్టి, ఒకే లైటులో రెండింటికీ రెండు వైపులా ఫొటోలు తీసి అనుభవం ఉన్నవాళ్లకు చూపించండి. నాణేన్ని పీవీసీ లేని కవర్లో ఉంచండి.