సిరిమాను ఫొటోలో పూజారి ముఖం ఒక్కటే వెలిగించడం ఎలా?

విజయనగరంలో విజయదశమి తరువాత వచ్చే మొదటి మంగళవారం జరిగే పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవాన్ని ఫొటో తీసేవారందరికీ ఒకే చిక్కు ఎదురవుతుంది. అమ్మవారి చదురుగుడికి, కోటకు మధ్య మూడుసార్లు సాగే సిరిమానును (కొసన పూజారి కూర్చునే పొడవాటి మానును) కింద నుంచి పైకి చూస్తూ తీయవలసి రావడం వల్ల, వెనుకనున్న ఆకాశపు వెలుతురుకు తగ్గట్టుగా కెమెరా ఎక్స్‌పోజర్‌ను (ఫొటోకు పట్టే వెలుగును) తగ్గించుకుంటుంది. దానితో మాను కొసన కూర్చున్న పూజారి ముఖం నల్లబడిపోతుంది. మొత్తం ఫొటోకు వెలుగు పెంచితే ముఖం తేరుకుంటుంది గాని ఆకాశం పాలిపోతుంది. ఇటువంటి ఫొటోకు మాస్క్ తప్పనిసరి. ఉచితంగా లభించే డార్క్‌టేబుల్ అనే ఫొటో ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లో ఆ పని చేసే పద్ధతి ఇది.

మాస్క్ అంటే మార్పు ఎక్కడ ఎంత పడాలో నిర్ణయించే పటం. దాని విలువ 0 ఉన్న చోట ఫొటో మారదు, 1 ఉన్న చోట మార్పు పూర్తిగా పడుతుంది, నడుమ ఉన్న చోట పాక్షికంగా పడుతుంది.

ముందుగా రా ఫైలును (కెమెరా సెన్సర్ నమోదు చేసిన ముడి ఫొటోను) డార్క్‌రూమ్ విభాగంలో తెరిచి, ఎక్స్‌పోజర్ మాడ్యూల్‌తో (వెలుగును మార్చే పనిముట్టుతో) ఫొటో మొత్తాన్ని సరిచేసుకోండి. ఈ దశలో ఆకాశాన్ని చూసి నిర్ణయించుకోవాలి, ముఖాన్ని చూసి కాదు. తరువాత అదే మాడ్యూల్‌కు న్యూ ఇన్‌స్టాన్స్ (విడిగా పనిచేసే మరో ప్రతి) సృష్టించి, దానికి ‘పూజారి’ అని పేరు పెట్టండి. మాస్కులు రెండు మూడు చేరేసరికి ఏది దేనికోసం వేసుకున్నామో ఈ పేర్లే చెబుతాయి.

ఈ కొత్త మాడ్యూల్ అడుగున ఉన్న గుర్తులలో డ్రాన్ అండ్ పారామెట్రిక్ మాస్క్‌ను (గీసిన ఆకారాన్ని బట్టి ఒకటి, వెలుగు లేదా రంగు విలువలను బట్టి ఒకటి, రెండు మాస్కులు కలిసినదాన్ని) ఎంచుకొని, ఎలిప్స్ (కోడిగుడ్డు వంటి) ఆకారాన్ని పూజారి ముఖం, భుజాల మీద ఉంచండి. మౌస్ చక్రం తిప్పితే ఆకారం పెద్దదో చిన్నదో అవుతుంది; షిఫ్ట్ నొక్కి తిప్పితే అంచు మెత్తబడే మేర మారుతుంది. ఇప్పుడు ఎక్స్‌పోజర్‌ను సుమారు 1 ఈవీ (వెలుగు రెట్టింపయ్యే మేర) పెంచండి. ముఖంతోపాటు దాని చుట్టూ ఉన్న ఆకాశం కూడా వెలిగి, తల వెనుక తెల్లని వలయం కనిపిస్తుంది.

ఆ వలయాన్ని తొలగించడంలోనే అసలు పనితనం ఉంది. పారామెట్రిక్ భాగంలో గ్రే చానెల్‌ను తెరిచి, పిపెట్ గుర్తుతో ఆకాశాన్ని ఎంచుకుంటే అక్కడి వెలుగు విలువ స్లైడర్ మీద కనిపిస్తుంది. ఇన్‌పుట్ స్లైడర్ కుడివైపు త్రికోణాలను ఆ విలువకు ఎడమగా జరిపితే, రెండు మాస్కులూ కలిసిన చోట మాత్రమే మార్పు నిలుస్తుంది కాబట్టి ఆకాశం తప్పుకుంటుంది. అవుట్‌పుట్ స్లైడర్‌ను వాడకపోవడం మంచిది. అది మాడ్యూల్ పనిచేసిన తరువాతి విలువలను చూస్తుంది గనుక, ఎక్స్‌పోజర్‌ను మార్చిన ప్రతిసారీ మాస్క్ కూడా మారిపోతుంది. కుడివైపు రెండు త్రికోణాల మధ్య కొంత ఎడం ఉంచండి; దగ్గరగా చేరిస్తే తలపాగా అంచున గీత గీసినట్టు కనిపిస్తుంది.

మాస్క్‌ను చూపే గుర్తును నొక్కితే మార్పు పడే చోటంతా పసుపు రంగులో కనిపిస్తుంది. ఆకాశంలో పసుపు మచ్చలు మిగిలితే త్రికోణాలను ఇంకాస్త జరపండి. ఫెదరింగ్ రేడియస్‌ను పెంచితే మాస్క్ ఫొటోలోని అంచులను అనుసరించి సర్దుకుంటుంది. మాస్క్ అంచును మసకబరిచే బ్లరింగ్ రేడియస్ కొద్దిగా చాలు, ఎక్కువైతే పోయిన వలయం మళ్లీ వస్తుంది.

ఎంత వెలుగు సరిపోతుందో ఫొటోను చిన్నదిగా చేసి చూసి నిర్ణయించండి. కింద నడిచే భక్తుల ముఖాల కంటే పూజారి ముఖం ప్రకాశంగా కనిపిస్తే, ఆ వెలుగు ఆ మధ్యాహ్నానిది కాదని చూసేవారికి వెంటనే తెలిసిపోతుంది. అప్పుడు మాస్క్‌ను మార్చనవసరం లేదు, ఎక్స్‌పోజర్‌ను తగ్గిస్తే చాలు. ఆకాశాన్ని కొంచెం చిక్కబరచాలనుకుంటే మరో ఇన్‌స్టాన్స్‌లో గ్రేడియంట్ (ఒక వైపు నుంచి క్రమంగా తగ్గే మాస్క్) గీసి, మాను నల్లబడకుండా ఈసారి ముదురు భాగాలను పారామెట్రిక్‌తో తప్పించండి.

ఫోన్‌లో తీసిన జేపెగ్ ఫొటో అయితే గింప్ అనే మరో ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ సరిపోతుంది. ఫొటో ఉన్న లేయర్‌ను (పొరను) నకలు చేసి, కర్వ్స్ అనే పనిముట్టుతో ఆ నకలుకు వెలుగు పెంచి, దానికి నల్లని లేయర్ మాస్క్ జోడించి, మెత్తని తెల్ల బ్రష్‌తో ముఖం మీద పూయాలి. 8 బిట్ జేపెగ్‌లో ఒక్కో రంగుకు 256 స్థాయిలే ఉంటాయి కాబట్టి, నీడలను ఎక్కువగా లేపితే గరుకుదనం బయటపడుతుంది. డార్క్‌టేబుల్ మార్పులను ఎక్స్‌ఎంపీ ఫైలులో విడిగా దాస్తుంది గనుక అసలు ఫొటో చెక్కుచెదరదు; గింప్‌లో మాత్రం లేయర్లు పోకుండా ఉండాలంటే ఎక్స్‌సీఎఫ్ ఫైలుగా భద్రపరచుకోవాలి.