ప్రాచీన రాక్షసుడికి ఎంత బలం పెట్టాలి? మా ఆటలో కుదిరిన లెక్క

డి అండ్ డి (డంజన్స్ అండ్ డ్రాగన్స్, పాచికలతో ఆడే కథల ఆట) ఐదో ఎడిషన్, 12వ లెవెల్ ఆటగాళ్లు నలుగురు, తిరుపతి గుంపు. చంద్రగిరిలో కోట కట్టకముందే కొండ కింద బందీ అయిన రాక్షసుడు కథలో ప్రతినాయకుడు. చిక్కల్లా ఒకటే: మూడో రౌండుకే చచ్చేవాడు, లేదంటే అందర్నీ చంపేసేవాడు.

హిట్ పాయింట్లు (ప్రాణబలం) రెట్టింపు చేయడం, ఏసీ (దెబ్బ తగలకుండా కాచే అంకె) పెంచడం, పక్కన చిల్లర దెయ్యాల్ని నిలబెట్టడం: ఏదీ కుదరలేదు.

పనిచేసింది ఇది. ముందు గత మూడు పోరాటాల్లో జట్టు రౌండుకి కొట్టిన మొత్తం డ్యామేజీ సగటు తీశాను: 85. ఐదు రౌండ్లు నిలవాలంటే రాక్షసుడికి 425 హిట్ పాయింట్లు. (2014 పుస్తకంలో బాలోర్ అనే పెద్ద రాక్షసుడికి ఉన్నదే 262.)

తర్వాత వాడి దెబ్బ. జట్టులో బక్కప్రాణి విజార్డ్ (మాంత్రికుడు), 66 పాయింట్లు. అందుకే అన్నీ తగిలినా రౌండుకి 60 దాటకూడదు. ఆ 60ని ఒకేసారి కొట్టించకుండా వాడి వంతులో 36, మిగతాది మూడు లెజెండరీ యాక్షన్లకి (ఆటగాళ్ల వంతులు ముగిసినప్పుడు వాడు చేసే అదనపు చర్యలు) ఎనిమిదేసి. అసలు మార్పు ఇక్కడే వచ్చింది. నలుగురి మధ్య ఒక్కడే ఉన్నా చేతులు కట్టుకు నిలబడినట్టు ఉండడు.

చివరగా ప్రాచీనత. మూడు రాతి ముద్రలు, ఒక్కోదానికి ఒక లెజెండరీ రెసిస్టెన్స్ (మంత్రాల్లాంటివాటిని తట్టుకునే పాచిక ఓడినా గెలిచినట్టు మార్చుకునే శక్తి). ముద్ర పగలగొట్టడానికి ఒక యాక్షన్, పగిలితే ఆ రెసిస్టెన్స్ పోతుంది. మూడు యాక్షన్లంటే దాదాపు 64 డ్యామేజీ వదులుకున్నట్టే, కాబట్టి 425ని 360కి దించాను. ఇది మర్చిపోతే పోరాటం జీడిపాకంలా సాగుతుంది.

పరీక్షించింది ఒక్క గుంపు మీదే. స్మైట్లన్నీ (అదనపు డ్యామేజీ ఇచ్చే దెబ్బలు) మొదటి రౌండులోనే గుప్పించే పాలడిన్ (దైవశక్తి గల యోధుడు) ఉంటే ఈ సగటు తప్పొచ్చు. ఆరుగురికైతే నాలుగు రౌండ్లే చాలేమో.