పాత బార్ గ్లాసు కొనేముందు బోర్లించి చూడండి

పాతకాలపు కాక్‌టెయిల్ గ్లాసు కనబడగానే చూపు బంగారు అంచు మీదికే పోతుంది. అది తర్వాత చూడొచ్చు, ముందు గ్లాసు బోర్లించండి. ఏళ్ల తరబడి వాడిన గ్లాసుకి అడుగున బల్లకి ఆనే చోట మాత్రమే సన్నటి గీతలు ఉంటాయి, ఒకటి అటు, ఒకటి ఇటు, ఒక వరుసా పాడూ లేకుండా. అన్నీ ఒకే దిక్కుగా, ఒకే లోతులో ఉంటే ఉప్పు కాగితంతో రుద్దారేమో అని అనుమానించండి. గీతలే లేకపోయినంత మాత్రాన కొత్తదని కాదు, అద్దాల బీరువాలోంచి బయటికి రానివి బోలెడు.

అమెరికాలో 1933 డిసెంబర్‌లో మద్యనిషేధం ఎత్తేశాక ఈ సరుకు జోరందుకుంది కాబట్టి అక్కడి గాజు కంపెనీలు గ్లాసుల మీద వేసిన గుర్తులు కొన్ని తెలిసుండాలి. యాంకర్ హాకింగ్‌కి లంగరు, హేజెల్ అట్లాస్‌కి పెద్ద హెచ్ కింద చిన్న ఏ, ఫెడరల్ గ్లాస్‌కి డాలులో ఎఫ్. కల్వర్ వాళ్లు 22 క్యారట్ల బంగారంతో డిజైన్ వేసి గ్లాసు మీదే సంతకం పెట్టేవాళ్లు, మొదట్లో వచ్చినవాటికి మాత్రం సంతకం ఉండదు. ఇక వెండి పట్టీ ఉన్న ప్రతి గ్లాసునీ డొరొతీ థోర్ప్ అనే అమెరికన్ డిజైనర్‌దే అని అమ్మేస్తుంటారు. రుజువు లేకపోతే గ్లాసుకి డబ్బులివ్వండి, ఆ పేరుకి కాదు.

చేత్తో చెక్కినదా, అచ్చులో పోసినదా అన్నది వేలికే తెలుస్తుంది. చెక్కినదాని అంచులు పదునుగా తగులుతాయి, అచ్చుదైతే కాస్త గుండ్రంగా ఉంటాయి, పక్కన నిలువునా అతుకు గీత కూడా దొరకొచ్చు. పై అంచు చుట్టూ గోరు నెమ్మదిగా తిప్పండి, కంటికి ఆనని పెచ్చు దగ్గర గోరు టక్కున ఆగుతుంది. తడిగా ఉన్న గ్లాసు మాత్రం అస్సలు కొనొద్దు. తడిలో మసక కనిపించదు, తుడిచి ఆరాక వెలుతురుకి పట్టుకుంటేనే బయటపడుతుంది. నీళ్లలోని ఉప్పు పేరుకున్న మసకైతే వెనిగర్‌తో పోతుంది గానీ గాజే తినేసి ఉంటే ఏం చేసినా పోదు, ఎంత చవగ్గా ఇచ్చినా వదిలేయండి.

పాత క్రిస్టల్ డికాంటర్, అంటే మందు పోసి పెట్టే గాజు కూజా, బరువుగా ఉండి, గోటితో మీటితే ఖంగుమని మోగితే అందులో సీసం ఉండే అవకాశం ఎక్కువ. అలాంటిదాంట్లో మందు నిల్వ ఉంచితే ఆ సీసం మెల్లగా అందులోకి దిగుతుంది, అందుకే షోకి పెట్టుకోండి, నిల్వకి వాడకండి. పెదవి తగిలేచోట రంగు డిజైన్ ఉన్నవాటితోనూ జాగ్రత్త, పాత రంగుల్లో సీసం, కాడ్మియం వాడేవారు.

బంగారు పూత ఉన్న గ్లాసుని డిష్‌వాషర్‌లో వేస్తే ఆ పూత ఊడిపోతుంది. గోరువెచ్చని నీళ్లు, మెత్తటి స్పాంజి చాలు. ఒకదాంట్లో ఒకటి దూర్చి పెట్టకండి, ఇరుక్కుని లాగేటప్పుడు పగులుతాయి. బోర్లించి కూడా దాచొద్దు, బరువంతా గ్లాసులో అన్నిటికన్నా పల్చగా ఉండే పై అంచు మీద పడుతుంది.