చెక్క నేలకు నూనె-మైనం పూత: రాయడం కన్నా తుడవడమే ఎక్కువ పని

మా హాల్లో చెక్క నేలకు మొదటిసారి నూనె-మైనం పూత వేసినప్పుడు ఆరడానికి 9 రోజులు పట్టింది. డబ్బా మీద రాసింది 12 గంటలు. ఆ 9 రోజులూ ఇంటిల్లిపాదీ గోడవారగా పిల్లుల్లా నడిచాం. తప్పు డబ్బాది కాదు, నాదే. ఇంకాస్త పోస్తే ఇంకాస్త గట్టిగా ఉంటుందనుకున్నాను.

వార్నిష్, పాలియురేథేన్ లాంటివి చెక్క మీద పొరలా కూర్చుంటాయి. ఇది లోపలికి ఇంకుతుంది. అవిసె, పొద్దుతిరుగుడు లాంటి నూనెలు చెక్క రంధ్రాల్లోకి దిగితే, కార్నౌబా, కాండెలిల్లా లాంటి గట్టి మైనాలు పైభాగాన నిలిచి నీటిని అడ్డుకుంటాయి. ఈ నూనె నీళ్లలా ఆవిరైపోయి ఆరదు, గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి గట్టిపడుతుంది. చెక్క తాగగా మిగిలింది పైన నిలిచిపోతే, పాల మీద మీగడలా పైభాగం మాత్రం కట్టి, కింద జిగురు అలాగే ఉండిపోతుంది. నాకు జరిగింది అదే.

కాబట్టి ముందు చెక్క తాగేలా ఉండాలి. పాత వార్నిష్ పూర్తిగా పోవాల్సిందే. అక్కడక్కడా నాలుగు నీటి చుక్కలు వేసి చూడండి. ఇంకకుండా గుండ్రంగా నిలబడిన చోట పాత పూత ఇంకా ఉన్నట్టే. ఉప్పు కాగితం (సాండ్‌పేపర్) 40 నంబరుతోనో 60తోనో మొదలుపెట్టి, 80 మీదుగా 120 దాకా వెళ్లి ఆపేయండి; నంబరు పెరిగేకొద్దీ కాగితం నునుపవుతుంది. అద్దంలా మెరవాలని 220 దాకా రుద్దితే రంధ్రాలు మూసుకుపోయి నూనె పైనే తేలుతుంది. దుమ్మును వాక్యూమ్‌తో లాగేయండి. టేకులో సహజంగానే నూనె ఉంటుంది, దాంతో పూత ఆలస్యంగా ఆరుతుంది. అలాంటి చెక్కకు ముందు ఓ మూల రాసి చూడడం తప్పనిసరి. రంగు ఎలా వస్తుందో తెలియాలంటే నూనె తగలని చోట తడి గుడ్డతో తుడవండి. తడిగా ఉన్నప్పుడు కనబడే రంగుకు పూత రంగు చాలా దగ్గరగా ఉంటుంది.

డబ్బా తెరిచాక అడుగుదాకా కర్రతో బాగా కలపాలి, మైనం కిందికి దిగిపోయి ఉంటుంది. కిటికీలు తెరిచి, తలుపుకు ఎదురు గోడ దగ్గర మొదలుపెట్టి తలుపువైపు వెనక్కి రావాలి. ఇద్దరుంటే మేలు: ఒకరు రాస్తుంటే రెండోవారు వెనకే తుడుస్తూ రావచ్చు. నా డబ్బా మీద లీటరు 24 చదరపు మీటర్లకు వస్తుందని రాసి ఉంది. మొదటిసారి నేను 11 చదరపు మీటర్లకే లీటరు అవగొట్టాను. ఆ లెక్క ఒక్కటి చూసుకున్నా 9 రోజుల టెన్షన్ తప్పేది.

రెండోసారి, నేలలోని రెండు చెక్కపలకల వెడల్పున చెక్క నార వెంబడి పలచగా రాసి, పావుగంట ఆగి, ఇంకని నూనెనంతా పాత నూలు గుడ్డతో తుడిచేశాను. అరచేయి ఆనిస్తే తడి అంటకూడదు. అంటితే ఇంకా తుడవాలి. కొన్ని రకాలను తుడవక్కర్లేదు, పలచగా రాసి వదిలేయమంటారు. మీ డబ్బా ఏ రకమో చదివి చూసుకోండి. అవైనా మందంగా వేస్తే ఇదే గతి. మొదటి పూత ఆరాక రెండోది, ఇంకా పలచగా. అంతే, మూడోది వద్దు.

ఇక ఆ గుడ్డలు. ఇది మాత్రం దయచేసి రెండుసార్లు చదవండి. నూనె గట్టిపడేటప్పుడు వేడి పుడుతుంది. గుడ్డలను ఉండచుట్టి మూల పడేస్తే ఆ వేడి బయటికి పోలేక, అగ్గిపుల్ల లేకుండానే మంట అంటుకోవచ్చు. పని అవగానే వాటిని నీళ్లలో ముంచి మూత ఉన్న ఇనుప డబ్బాలో పెట్టండి, లేదా ఆరుబయట ఒక్కొక్కటిగా పరిచి ఆరనివ్వండి.

ఒకరోజు తర్వాత మేజోళ్లతో నడవచ్చు. తివాచీలు, తడిగుడ్డ మాత్రం సుమారు 2 వారాలు ఆగాలి.

రోజువారీ పని తేలికే. ఊడవడం, అప్పుడప్పుడు గట్టిగా పిండిన తడిగుడ్డ. నేల ఒకట్రెండు నిమిషాల్లో ఆరిపోతే గుడ్డ సరిగ్గా పిండినట్టు. వెనిగర్, అమ్మోనియా ఉన్న క్లీనర్లు, ఆవిరి మాప్ దగ్గరికి రానివ్వకండి. కుర్చీకాళ్లకు ఫెల్ట్ ముక్కలు అంటించండి, వాటికి ఇసుకరేణువులు అంటుకుంటే అవే ఉప్పు కాగితం అయిపోతాయి.

ఈ పూతలో నాకు నచ్చేది మరమ్మతు. వార్నిష్ గీసుకుపోతే అతుకు కనబడకుండా సరిచేయడం కష్టం. దీనికైతే గీత పడ్డచోట 120 కాగితంతో నార వెంబడి రుద్ది, అంచులు కలిసిపోయేలా చుట్టూ కాస్త వెడల్పు చేసి, వేలికి గుడ్డ చుట్టి చుక్క నూనె రాసి తుడిచేయడమే. నా కూతురు బల్ల లాగి చేసిన 30 సెంటీమీటర్ల గీత ఇప్పుడెక్కడుందో నాకే గుర్తులేదు. నడక ఎక్కువున్న చోట నెలకోసారి నీటి చుక్క వేసి చూస్తాను. ముత్యంలా నిలిస్తే సరే, వెంటనే పరుచుకుని చెక్క నల్లబడుతుంటే అక్కడ శుభ్రం చేసి, ఆరాక మరో పలచని పూత.

స్టీల్ ఉన్నితో మాత్రం రుద్దకండి. దాని తునకలు చెక్కలో ఇరుక్కుని, తడి తగిలితే చెక్కలో సహజంగా ఉండే టానిన్ అనే పదార్థంతో కలిసి నల్ల మచ్చలవుతాయి. పూలకుండీ ఇనుప స్టాండు కింద మాకు పడిన నల్ల వలయం కూడా ఇదే రకం. పూత రుద్ది తీసి, చేతులకు గ్లోవ్స్ వేసుకుని ఆక్సాలిక్ యాసిడ్ ద్రావణం పూసి, నీటితో కడిగి, రెండు రోజులు ఆరనిచ్చి మళ్లీ నూనె రాశాను. ఆ యాసిడ్ విషం, పిల్లలకు అందకూడదు.

మిగిలిన నూనెను నిండుగా పట్టే చిన్న సీసాలోకి మార్చండి, లోపల గాలి ఎంత తక్కువుంటే అంత ఎక్కువ కాలం ఉంటుంది. పైన పొర కట్టి కనబడితే కలిపేయకండి. పొరను ఊడదీసి, మిగతాది పాత మేజోడులో వడకట్టి వాడుకోండి.