పౌడర్‌లోకి దిగే ముందు: ఎక్కడ కార్వ్ చేయాలి, ఎక్కడ స్మియర్ చేయాలి

స్కీయింగ్‌లో, యంత్రంతో చదును చేసిన (గ్రూమ్ చేసిన) వాలు మీద చక్కగా కార్వ్ చేసేవాళ్లు, అంటే స్కీ అంచు మీద మలుపులు తిరిగేవాళ్లు కూడా, లోతైన పౌడర్‌లో, అంటే కొత్తగా పడిన వదులు మంచులో, తొలిరోజు తడబడతారు. కాళ్లకు పట్టిన అలవాటు అలాంటిది. వేగం పెరిగిందనిపించగానే స్కీని ఇంకాస్త పక్కకు వాల్చి, బయటి కాలి మీద బరువంతా మోపుతారు. గట్టి మంచు మీద చేయాల్సింది అదే. మోకాలి లోతు పౌడర్‌లో మాత్రం ఆ బయటి స్కీ దిగబడుతుంది, లోపలిది పైకి తేలుతుంది, రెండూ చెరో దారి పడతాయి. మోకాళ్లు మెలిపడేది ఇలాంటప్పుడే. కాబట్టి సీజన్‌లో మొదటి పెద్ద మంచు పడకముందే ఈ అలవాటు సంగతి తేల్చుకోండి.

కార్వింగ్‌లో స్కీ అంచు గట్టి మంచును కోసుకుంటూ పోతుంది. టిప్ (ముందు కొస) చేసిన గాడిలోనే టెయిల్ (వెనుక కొస) కూడా నడుస్తుంది. మలుపు ఎంత వెడల్పు తిరగాలో సైడ్‌కట్ (స్కీ పక్కల్లోని వంపు), ఎడ్జ్ కోణం (స్కీని ఎంత వాల్చామన్నది) కలిసి నిర్ణయిస్తాయి. పౌడర్‌లో అంచు పట్టుకోవడానికి గట్టి మంచే ఉండదు. అక్కడ మిమ్మల్ని మోసేది స్కీ అడుగుభాగం మొత్తం. స్కీని బాగా వాల్చారంటే మోసే వైశాల్యాన్ని మీ చేతులారా తగ్గించుకున్నట్టే. స్మియర్ చేసేటప్పుడు ఎడ్జ్ కోణం తక్కువగా ఉంచి, స్కీలను ప్రయాణ దిశకు కొంచెం అడ్డంగా తిప్పి, పక్కకు జారనిస్తాం. అడుగుభాగానికి ఎదురుగా పోగయ్యే మంచే వేగాన్ని తగ్గిస్తుంది.

లోతైన పౌడర్ నేలకంటే నీటికి దగ్గరగా ప్రవర్తిస్తుంది. ప్రొఫెషనల్ స్కీయర్ షేన్ మెకాంకీ ఈ సంగతి పట్టుకున్నాడు. నీటి మీద వాడే స్కీలు కట్టుకుని అలాస్కా మంచు వాలు మీద దిగి చూపించాడు. అతని ఆలోచనతోనే 2002లో వోలాంట్ కంపెనీ స్పాచులా స్కీని తెచ్చింది. అది నడుము దగ్గర వెడల్పుగా, కొసల వైపు సన్నగా ఉండేది. రెండు కొసలూ పైకి వంగి ఉండేవి. మామూలు స్కీకి ఇది పూర్తిగా తిరగేసిన ఆకారం. మామూలు స్కీ వెడల్పాటి టిప్ పౌడర్‌లో ఒక్కసారిగా మలుపు లోపలికి లాక్కుపోతుంది. స్పాచులాకు ఆ బెడద లేదు, పక్కకు హాయిగా జారేది. ఇప్పటి పౌడర్ స్కీలన్నీ అంత దూరం వెళ్లలేదు గానీ, టిప్‌లో కనిపించే రాకర్ (పైకి లేచిన వంపు) వెనుక ఉన్నది ఈ ఆలోచనే.

స్మియరింగ్‌లోనూ ప్రమాదాలున్నాయి. అన్నిటికంటే పెద్దది, భయపడి స్కీలను ఒక్క ఊపున పూర్తిగా అడ్డం తిప్పేయడం. మంచు బరువుగా ఉంటే స్కీ అక్కడే ఆగిపోతుంది, శరీరం మాత్రం లోయ వైపు ఎగిరిపడుతుంది. తిప్పడం కొద్దికొద్దిగా, తొడల నుంచి జరగాలి. ఛాతీ వాలు కిందికే చూడాలి. రెండు కాళ్ల మీద బరువు దాదాపు సమానంగా ఉండాలి, పాదాలు మరీ దూరం జరగకూడదు. వెనక్కి వాలితే టిప్‌లు తేలతాయని చాలామంది చెబుతారు. ఆ సలహా పక్కన పెట్టండి. వెనక్కి కూర్చుంటే తొడలు త్వరగా అలసిపోతాయి, స్కీ మీద పట్టు పోతుంది, మోకాలి లిగమెంట్ మీద ఒత్తిడి పెరుగుతుంది. పాదం మధ్యలో నిలబడి, బూటు ముందుభాగానికి కాలు ఆనీ ఆనకుండా ఉంచితే చాలు.

అన్నిటికంటే ముందు మంచును చదవాలి. పొడిగా, తేలిగ్గా, లోతుగా ఉంటే స్మియర్ చేయండి. కొత్త మంచు పలచగా ఉండి కింద గట్టి పొర ఉంటే అంచు ఆ పొరకు తగిలి ఒక్కసారిగా పట్టేస్తుంది. అక్కడ కోణం పెంచాల్సి వస్తే మెల్లగా పెంచండి. సీజన్ మొదట్లో ఆ పొర కింద రాళ్లు, మొద్దులు కూడా ఉంటాయి. ఎండకు తడిసి బరువెక్కిన మంచు స్కీని పక్కకు జారనివ్వదు. అందులో పెద్ద గుండ్రటి మలుపులతో, స్కీ పొడవు దిశలోనే వెళ్లడం మేలు. పైన పెంకు కట్టి, కాలు మోపితే విరిగే మంచును నేనైతే పూర్తిగా వదిలేస్తాను. దాన్ని సురక్షితంగా దాటించే టెక్నిక్ కొద్దిమందికే ఉంటుంది.

నిటారు వాలు మీద స్మియర్ చేస్తే పైపొర వదులు మంచు మీతోపాటే కిందికి ప్రవహిస్తుంది. అదే గీతలో ఆగకండి, పక్కకు తప్పుకుని దాన్ని పోనివ్వండి. ఇది చిన్న సంగతి. అసలు భయపడాల్సింది పలకలా విరిగిపడే మంచు చరియలకు. ఇవి ఎక్కువగా 30 నుంచి 45 డిగ్రీల వాలుల్లో జరుగుతాయి. పౌడర్ బాగుండే వాలులూ అవే. స్కీ రిసార్ట్ నిర్వహణలో లేని చోటికి వెళ్తే ఆ రోజు హెచ్చరిక బులెటిన్ చదవాలి, ట్రాన్స్‌సీవర్ (కూరుకుపోయినవాళ్లను సంకేతంతో వెతికే పరికరం), ప్రోబ్ (మంచులో గుచ్చి వెతికే పొడవాటి కడ్డీ), పార ప్రతి ఒక్కరి దగ్గరా ఉండాలి, వాటితో ముందే సాధన చేసి ఉండాలి. మంచులో కూరుకుపోయిన మనిషికి మొదటి 10, 15 నిమిషాలే కీలకం. ఆలోగా తవ్వి తీయగలిగేది పక్కనున్న తోడే, దూరం నుంచి వచ్చే రెస్క్యూ బృందం కాదు.

చెట్ల మధ్య పౌడర్ మిగతాచోట్ల కంటే ఎక్కువసేపు తాజాగా ఉంటుంది. అందుకే అందరూ అటే లాగుతారు. సతత హరిత చెట్ల కొమ్మల కింద, మొదలు చుట్టూ వదులు మంచు గుంతలు ఏర్పడతాయి. తలకిందులుగా అందులో పడితే బయటపడటం దాదాపు అసాధ్యం. అమెరికా, కెనడాల్లో వాలంటీర్లతో చేసిన ప్రయోగాల్లో 90 శాతం మంది తమంతట తాము బయటికి రాలేకపోయారు. ఇక్కడ స్మియరింగ్ నిజంగా ప్రాణాలు కాపాడే నైపుణ్యం. కనిపించేంత దూరంలోనే ఆగగలిగే వేగం దానితోనే సాధ్యం. చెట్లను చూడకండి, వాటి మధ్య ఖాళీని చూడండి. పోల్స్ (చేతి కర్రలు) పట్టీల్లోంచి చేతులు ముందే తీసేయండి. తోడున్న మనిషి కళ్లముందు ఉండాలి, కేక వేస్తే వినపడే దూరంలో ఉండాలి. అడుగున లిఫ్ట్ దగ్గర కలుద్దామనుకుని విడిపోవడం తోడు అనిపించుకోదు.

తిరిగి గ్రూమ్ చేసిన వాలు మీదికి వచ్చే చోట ఒక్క క్షణం జాగ్రత్త. పౌడర్‌లో జారుతూ వచ్చిన స్కీ గట్టి మంచు మీద బల్లపరుపుగా పడితే లోయ వైపు అంచు పట్టేసి పడేస్తుంది. హద్దు రాకముందే స్కీలను ప్రయాణ దిశకు తిప్పుకుని, అంచు మీదికి చేరండి.

పడినప్పుడు స్కీ ఊడిపోతే కంగారుగా కిందికి వెతకవద్దు. అది తరచూ మీరు ఆగిన చోటికి పైనే మంచులో కూరుకుని ఉంటుంది. పోల్‌తో వాలుకు అడ్డంగా గీస్తూ పైకి వెతకండి. దొరికాక బూటు అడుగున అంటిన మంచంతా గీకేసి అప్పుడే బైండింగ్‌లో (బూటును స్కీకి పట్టి ఉంచే బిగింపులో) కాలు పెట్టండి. మంచు మధ్యలో ఇరుక్కుంటే క్లిక్‌మన్న చప్పుడు వినిపించినా పట్టు సరిగా కుదరదు, తర్వాతి మలుపులోనే స్కీ మళ్లీ ఊడుతుంది.