స్లాబ్‌లో ఉన్న అమెరికన్ నాణెం కొనేముందు చెక్ చేసే పద్ధతి, ఆ పచ్చ స్టిక్కర్ సంగతి

నాణెం స్లాబ్‌లో, అంటే గ్రేడింగ్ కంపెనీ పరీక్షించి సీలు వేసిన ప్లాస్టిక్ డబ్బాలో ఉంది, లేబుల్ మీద ఎంఎస్ 65 (వాడకంలోకి రాని నాణేనికి 70కి 65 గ్రేడ్) అని ఉంది, ఇంక చూసేదేముంది అనుకుని డబ్బులు కట్టేసేవాళ్ళని చూస్తే నాకు నిజంగా బాధేస్తుంది. నాణెమే కాదు, ఆ ప్లాస్టిక్ డబ్బాని కూడా దొంగది చేస్తున్నారు, పైగా లోపలున్నదాన్ని తూకం వేసే వీలుండదు కదా, బయటుంటే మోర్గన్ డాలర్ (పాత అమెరికన్ వెండి నాణెం) 26.73 గ్రాములు ఉందో లేదో ఇంట్లోనే తేల్చేయొచ్చు.

ముందు లేబుల్ మీద నంబర్ ఉంటుంది, గ్రేడింగ్ కంపెనీ పీసీజీఎస్ అయితే వాళ్ళ సైట్లో, ఎన్‌జీసీ అయితే వాళ్ళ సైట్లో అది కొట్టండి. సంవత్సరం, మింట్ గుర్తు (ఏ టంకశాలలో ముద్రించారో చెప్పేది), గ్రేడ్ మూడూ కలవాలి. కానీ ఇక్కడితో ఆగిపోకండి, ఎందుకంటే దొంగ స్లాబ్ చేసేవాడు అసలు నాణెం నంబరే కాపీ కొడతాడు, సైట్లో అన్నీ కరెక్ట్‌గానే వస్తాయి. నేను ఒకసారి అలాగే మోసపోయాను, నంబర్ కలిసింది కదా అని కొనేశాను, ఫోటో పక్కన పెట్టి చూసింది పార్సిల్ ఇంటికొచ్చాకే.

అందుకే సైట్లో ఫోటో ఉంటే దాన్ని పెద్దది చేసి అమ్మేవాడు పెట్టిన ఫోటో పక్కన పెట్టుకోండి. మోర్గన్ అయితే దాని మీదున్న లిబర్టీ దేవత బుగ్గ మీద గీతలు చూడండి, సంచుల్లో ఒకదానికొకటి తగిలి పడ్డ గాట్లవి, ఏ రెండు నాణేలకీ ఒకేలా ఉండవు. కాలంతో రంగు మారిన చోటు కూడా అంతే. పీసీజీఎస్ 2020 నుంచి స్లాబ్‌లో ఎన్ఎఫ్‌సీ చిప్ పెడుతోంది, అలాంటిది చేతిలోకి వస్తే ఫోన్ ఆనించి చూడండి.

ఇప్పుడు పచ్చ స్టిక్కర్. ఎన్‌జీసీని 1987లో మొదలుపెట్టిన జాన్ అల్బనీసే 2007లో సీఏసీ అనే కంపెనీ పెట్టాడు, అప్పటికే గ్రేడ్ అయిన స్లాబుల్ని మళ్ళీ చూసి స్టిక్కర్ వేసేది వాళ్ళే. ఒకే గ్రేడ్‌లో కూడా మంచివీ, మధ్యరకంవీ, అంచు మీద పాసైనవీ ఉంటాయి, వాటిని ఎ, బి, సి అనుకుంటే ఎ, బి లకి పచ్చ స్టిక్కర్ వేస్తారు, ఇచ్చిన గ్రేడ్‌ కంటే పైది రావాల్సిందనిపిస్తే బంగారు రంగుది. స్టిక్కర్ లేకపోతే నాణెం చెడ్డదని కాదు, సి రకం కావచ్చు, అసలు పంపకపోయీ ఉండొచ్చు, అది బయట నుంచి చూసి చెప్పలేం. స్టిక్కర్ కూడా దొంగది అతికించొచ్చు కాబట్టి స్లాబ్ నంబర్ సీఏసీ సైట్లో కూడా కొట్టాలి. స్లాబ్ పగలగొడితే ఆ స్టిక్కర్‌కి ఇంక విలువ లేదు.

ఇండియా నుంచి పంపించి స్టిక్కర్ వేయించుకోవడం కన్నా ఆల్రెడీ ఉన్నదే కొనుక్కోవడం నయం అని నా అభిప్రాయం, పోస్టు, కస్టమ్స్ తలనొప్పి వద్దు.

మన హైదరాబాద్ చార్మినార్ రూపాయిలు కూడా ఈ కంపెనీల స్లాబుల్లో వస్తున్నాయి, వాటికి పచ్చ స్టిక్కర్ కోసం వెతక్కండి, నంబరూ ఫోటోనే ఆధారం. ఇంకోటి కూడా చూస్కోండి, చార్మినార్ గుమ్మంలో ఒక అరబిక్ అక్షరం ఉంటుంది, మీమ్ అయితే మహబూబ్ అలీ ఖాన్ కాలంది, ఐన్ అయితే ఉస్మాన్ అలీ ఖాన్‌ది. లేబుల్ మీద ఒక నవాబు, గుమ్మంలో ఇంకో నవాబు అక్షరం ఉంటే కొనకండి.