తంగేడు పూల టీ ఎలా చేసుకోవాలి?

ఉదయగిరి, వింజమూరు వైపు ఎర్రనేలల్లో, రాళ్లదిబ్బల మీద పసుపుపచ్చగా విరగబూసి కనిపించేది తంగేడే. ఎవరూ నాటరు, నీళ్లు పోయరు. దీని బెరడుతో తోళ్లు పదును చేసేవాళ్లు, పుల్లతో పళ్లు తోముకునేవాళ్లు, ఆకును మళ్లలో పచ్చిరొట్టగా తొక్కేవాళ్లు. పూలతో టీ పెట్టుకోవచ్చు.

1. ముందు మొక్కను గుర్తుపట్టండి. అన్నిటికన్నా ముఖ్యమైన పని ఇదే. కసివిందకీ పసుపు పూలే పూస్తాయి, అది విషం. అందుకే పువ్వును చూసి కోయొద్దు, ఆకును చూడండి. తంగేడు ఈనెకు 8 నుంచి 12 జతల చిన్నాకులు ఉంటాయి, కొనలు గుండ్రంగా ఉంటాయి. ఈనె కొమ్మకు అతుక్కునే చోట చెవి తమ్మెలాంటి చిన్న ఆకు కనబడుతుంది. శాస్త్రీయ నామం సెన్నా ఆరిక్యులేటాలో ‘ఆరిక్యులేటా’ అంటే చెవులున్నది అనే. కసివింద ఆకులు 4, 5 జతలే, కొనదేలి ఉంటాయి, నలిపితే కంపు కొడతాయి. ఏమాత్రం అనుమానం వచ్చినా వదిలేయండి.

2. మంచు ఆరాక, ఉదయం పూటే కోయండి. రోడ్డు పక్కవీ, మందు కొట్టిన చేల గట్ల మీదవీ వద్దు. చెట్టంతా దులపకుండా తేనెటీగలకు కొన్ని ఉంచండి.

3. పూలను గుడ్డ మీద పలచగా పరిచి నీడన ఆరబెట్టండి. నాలుగైదు రోజులకు వేళ్ల మధ్య నలిపితే గలగలమనాలి. ఒకసారి నేను తొందరపడి, మెత్తగా ఉండగానే సీసాకెత్తాను. వారానికి బూజు పట్టి మొత్తం పారబోయాల్సి వచ్చింది.

4. గ్లాసు నీళ్లకు ఐదారు ఎండు పూలు వేసి, సన్న సెగ మీద 5 నిమిషాలు మరిగించి వడకట్టండి. కాస్త వగరుగా ఉంటుంది.

షుగర్‌కి మంచిదని మన పెద్దవాళ్లు తాగేవాళ్లు. అయితే డాక్టరు ఇచ్చిన మాత్రలు మాత్రం మానొద్దు. మాత్రలతో పాటు ఇదీ తాగితే షుగర్ మరీ పడిపోవచ్చు, ముందు డాక్టరుకి చెప్పండి. గర్భిణులు, పాలిచ్చే తల్లులు, చిన్నపిల్లలు తాగకూడదు.

టీకి పోగా మిగిలిన పూలను పెసలతో కలిపి మర పట్టిస్తే ఒంటికి రాసుకునే సున్నిపిండి అవుతుంది.